పొట్టి పిస్టల్

"సిన్నదే తీసుకో లా," అన్నాడు హేమనాథ్ మలేసియా యాసలో, విసుగ్గా.

కౌలాలంపూర్ దుకాణం బల్ల మీద రెండు పిస్టల్స్ ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి పొట్టిది. రెండేళ్లుగా షూటింగ్ క్లబ్బు పిస్టల్‌తో కాలుస్తున్న మోహనప్రియకి ఇదే మొదటి సొంతది. లైసెన్సు ఆమె పేరునే వచ్చింది. దాని కోసం ఆమెకంటే ఎక్కువ తిరిగినవాడు మాత్రం మొగుడు హేమనాథే.

ఆమె పెద్దది ఎత్తింది. "నా సేతికి ఇదే సరిపోనాది. పట్టుకోడానికి బాగుంది."

"ఆడదానికి అంత పెద్దదేటి? సిన్నదైతే పెట్టుకోడానికి బాగుంటాది."

"పట్టుకోడానికా, పెట్టుకోడానికా?"

"ఏదైతే ఏటి!" అని కసిరాడు. అతని చెయ్యి మాత్రం తెలియకుండానే చొక్కా కింద నడుం దగ్గరికి పోయింది.

మొన్న బంటింగ్ ఊళ్లో తన తమ్ముడి గుమ్మం ముందు నిలబడి, "నీ పని సెప్తాన్రా" అని అరిచి వచ్చినవాడు ఇతనే.

మోహనప్రియ దుకాణదారు వైపు తిరిగి మలయ్‌లో చెప్పింది. "పెద్దదే ఇవ్వండి. ఇంటికి వద్దు, నేరుగా క్లబ్బు లాకర్‌కి పంపండి."

హేమనాథ్ మొహం ఎర్రబడింది. "నా మీద అనుమానమేటి?"

"మొన్నటిదాకా అనుమానమే. ఇప్పుడు రూఢి అయిపోనాది," అంది మోహనప్రియ, పొట్టిదాన్ని అతనికి అందకుండా వెనక్కి తోస్తూ.