గుచ్చుకుంటది

"గుచ్చుకుంటది బేటీ! ఆ చెట్టు జోలికి పోకు. గుచ్చుకుంటది అంటున్న!"

ఇంకా ఏమీ గుచ్చుకోలేదు. సానియా చాయ్ గ్లాసు కింద పెట్టి కిటికీ దిక్కు రెండడుగులు వేసింది, అంతే. కానీ ఫిర్దౌస్ తీరే అది. పాలు పొంగితే ఒక ఫికర్, పొంగకపోతే ఒక ఫికర్. బిడ్డ తుమ్మితే చాలు, ఆమె మనసు దవాఖాన దాకా పోయి వస్తుంది.

కిటికీలో చిన్న ప్లాస్టిక్ కుండీ. అందులో బొటనవేలంత లావు కొమ్మలు, కొమ్మ కొమ్మకూ సూదుల్లాంటి ముళ్లు, కొసన మాత్రం చిట్టి చిట్టి ఎర్రపూలు. నెల కిందట సానియా రోడ్డు పక్క నర్సరీలో కొనుక్కొచ్చింది. ముళ్ల కిరీటం అంటారని నర్సరీ అతను చెప్పాడట. గులాబీ ఉండగా, మల్లె ఉండగా ఈ కంప ఎందుకో ఫిర్దౌస్‌కు ఇప్పటికీ అంతుపట్టలేదు.

"ఏం గాదు అమ్మీ. నీళ్లు పోస్తున్న."

"నిన్ననే పోసినవ్ గద! వారానికి ఒకపాలి చాలన్నడంటివి. మరి రోజు పొద్దుగాల దాని ముంగట కూసునుడేంది? ఆ కొమ్మల కారే పాలు కండ్లల పడితే కండ్లు పోతయట. ముల్లు దిగి చీము పడితే వేలే తీసేస్తరట. కోహీర్ ఊర్ల ఒకామెకు తీసేసిన్రు."

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి!"

కిటికీ అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటి నారమ్మ పకపక నవ్వింది. "పొద్దుగాల్నే షురూ చేసినవా ఫిర్దౌసక్కా? ఆ చెట్టు కంటె నీ నోటికే ముండ్లు ఎక్కువున్నయ్."

"నవ్వు నారమ్మా, నవ్వు. రేపు చిరాగ్‌పల్లిల పెండ్లిపిల్లకు మెహందీ పెట్టేదున్నది దీనికి. రెండు చేతులు, మోచేతుల దాకా. ఆ వేళ్లే గద దాని బతుకు! మొన్న రాయికోడ్‌ల పెండ్లోళ్లు ఏమన్నరో ఇన్నవా? గీత లావొచ్చిందట, వంకర పోయిందట. జహీరాబాద్ మొత్తంల దీని అంత సన్నగ గీసేటోళ్లు లేరు, దీనికి వంకర పోయిందట! ఎందుకు పోతది? ఈ ముండ్లు గుచ్చుకొనే."

"మెహందీ కోన్ మంచిగ లేకుండె" అంది సానియా, తల తిప్పకుండానే.

"కోన్ మంచిగనే ఉండె. నీకే భయం లేదు. ఇందాక కాలే పెనం బట్ట లేకుండ దించినవ్. నేను ఒర్లిందాక ఇడువలే. ధైర్యముండాలె గాని, గంత ఉండొద్దు బిడ్డా."

సానియా పూల మీది దుమ్ము ఊదుతూ కూర్చుంది.

ఆ ఊదడం చూసేసరికి ఫిర్దౌస్‌కు ఉన్న కాస్త ఓపికా పోయింది. "దీన్ని కుప్పల పారేసి వస్త" అంటూ కుండీ మీదికి చెయ్యి చాచింది. ఎత్తీ ఎత్తకముందే ముల్లు చూపుడు వేలిలో కసుక్కున దిగింది.

"యా అల్లా!"

కుండీ చేతిలోంచి జారింది. సానియా చటుక్కున పట్టుకుంది. కుండీని కాదు, చెట్టును. కొమ్మల నడుమ, పిడికిలి నిండా.

నారమ్మ చేతిలోని తడిచీర అట్లాగే ఉండిపోయింది. "ఇడువే పిల్లా! ఇడువు!"

సానియా విడవలేదు. మెల్లగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, కుండీని మళ్లీ కిటికీలో నిలబెట్టింది. ఆ తర్వాతే పిడికిలి విప్పింది. రెండు ముళ్లు విరిగి అరచేతిలోనే ఉన్నాయి. కొమ్మ పాలూ నెత్తురూ కలిసి మణికట్టు మీదుగా కారుతున్నాయి. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూస్తోంది దాన్ని.

ఫిర్దౌస్ తన వేలు చూసుకుంది. ఒక్కటే చుక్క నెత్తురు. దానికే మోచెయ్యి దాకా సలుపుతోంది.

బిడ్డ చెయ్యి పట్టుకుని ఒక ముల్లు పీకింది. రెండోది లోతుగా దిగింది, గోటితో కెలికితే గానీ రాలేదు. ఆ చెయ్యి ఉలకలేదు. పెనం దించిన వేళ్ల కొసన బొబ్బలు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. కాలిందని ఈ పిల్ల నోరు తెరిచి ఒక్క మాట అనలేదు.

ఫిర్దౌస్ భయపడని భయం లేదు ఈ లోకంలో. ఈ ఒక్కదానికి మాత్రం ఆమె దగ్గర భయం తయారుగా లేదు.

"బేటీ..." ఒక బొబ్బ మీద మెల్లగా వేలు పెట్టింది. "నొప్పి అయితలేదా?"

సందు చివర బీదర్ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. నారమ్మ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది, ఈసారి నవ్వకుండా.

"ఎన్నొద్దుల సంది గిట్ల? నాకెందుకు చెప్పలే? అన్నీ తెలిసి, ఈ ముండ్ల చెట్టును ఇంట్లకు ఎందుకు తెచ్చినవ్ బిడ్డా?"

అరచేతిలో నెత్తురు నల్లబడి గడ్డకట్టింది. సానియా ఆ ఎర్రపూల దిక్కే చూస్తూ చూస్తూ, చివరికి నోరు విప్పింది.

"ఎప్పుడన్న ఒక్కపాలి గుచ్చుకుంటదేమోనని, అమ్మీ."