గదిలో స్పీకరు

"డబ్బుల కవరేదిరా?" డిస్కు అట్టలో వేళ్లు పెట్టి తడుముతూ అడిగాడు, రేడియోలో పాటలు వేసే ఓడెల్.

"ఈసారి లేదు." రికార్డు కంపెనీ తరఫున క్లీవ్‌లాండ్ స్టేషన్లన్నీ తిరిగే లెస్టర్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇది కంపెనీ పాట కాదు. మా అమ్మాయి కోరిన్ పాడింది. ఎలా ఉందో నిజం చెప్పు, చాలు."

"మన కోరినా? ఊరంతా విననీ!"

ఓడెల్ డిస్కు మీద ముల్లు దించాడు. ఆ వెంటనే ఎడమచేత్తో గదిలోని స్పీకరు మీట నొక్కేసి, చల్లారిన కాఫీ అందుకున్నాడు.

డిస్కు తిరుగుతోంది. పాట ఊళ్లోకి వెళుతోంది. గదిలో మాత్రం చప్పుడు లేదు.

"స్పీకరు ఆపేశావేంట్రా?"

ఓడెల్ తన చేతికేసి చూసుకున్నాడు. "అలవాటురా. నువ్వు తెచ్చేవన్నీ ఇలాగే వేస్తాను. అవి వింటూ రోజంతా ఇక్కడ కూర్చోలేను."

"మరి అడిగినప్పుడల్లా అదిరిందనేవాడివి?"

"నువ్విచ్చేది అలా అనడానికే కదా!"

ఓడెల్ గబుక్కున మీట పైకెత్తాడు. కోరిన్ గొంతు గదంతా నిండింది. అప్పటికే చివరి చరణం. ఓడెల్ కాఫీ పక్కన పెట్టి, కళ్లు మూసుకుని ఆఖరిదాకా విన్నాడు. కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

"అదిరిందిరా, లెస్టర్."

"సర్లే," అంటూ లెస్టర్ అలసటగా లేచి, జేబులో చెయ్యి పెట్టి పర్సు తీశాడు.