జానెడు తోలు

"ఇది బాగుపడేది కాదమ్మా. పాత ఇనుము కొట్లో పడేసి పో," అన్నాడు దశరథరామయ్య.

తెనాలిలో ఆయన రిపేరు షాపు ముందు, రిక్షాలోంచి దింపిన తోలు చెక్కే మిషను నిలబడి ఉంది. ఒళ్ళంతా ఎండిన బురద. ముట్టుకుంటే ఉప్పు రాలుతోంది. తెచ్చిన అన్నమ్మ మాత్రం కదల్లేదు. చెప్పుల తోలు అంచుల్ని కుట్టుకు వీలుగా పలచగా చెక్కే ఆ మిషను మీదే, రేపల్లె అవతల ఆమె మొగుడు సీమోను ఇరవయ్యేళ్ళు బతికాడు.

"అట్టా అనకండి మేస్త్రీగారూ. ఉప్పెన పోయాక మిగిలింది మేమిద్దరం, ఇదీనండి. ఆర్నెల్లయింది, మా ఆయన పనిలో కూచోలేదు. నోరిప్పి ఒక్క మాట మాటాడలేదు. పొద్దస్తమానం దీని పక్కనే, ఆ సొరుగు మీద చెయ్యేసుకుని కూచుంటాడండి. మీరు దీన్ని కొత్తదానిలా చేసిచ్చారంటే, చూసి లేస్తాడని నా ఆశ."

"ఆయన్ని కూడా తీసుకురాకపోయావా?"

"చెప్పకుండా తెచ్చానండి. మెలకువగా ఉంటే దీన్ని కదలనిచ్చేవాడు కాదు."

దశరథరామయ్య మెత్తబడ్డాడు. ఆ ఏడు ఉప్పెన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళను ఏం పోయిందని ఎవరూ అడిగేవారు కాదు. ఆయనా అడగలేదు. అడగాల్సిన అవసరమూ కనపడలేదు. పనిముట్టు పోతే పనివాడికి చెయ్యి పడిపోయినట్టే. నలభయ్యేళ్ళుగా మిషన్లు బాగుచేస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియదా?

"ఇరవై రోజులాగి రా అమ్మా," అన్నాడు.

పని మొదలెట్టాక గానీ ఉప్పునీళ్ళ సంగతి ఆయనకు తెలిసిరాలేదు. ఒక్క మర కదిలితే ఒట్టు. వారం రోజులు కిరసనాయిలు పోసి నానబెట్టాడు. తుప్పు గీకి గీకి గోళ్ళు అరిగిపోయాయి. గుండ్రటి కత్తి పనికిరాకుండా పోతే, బాపట్లలో మూతబడ్డ ఒక చెప్పుల షాపు గాలించి ఇంకో కత్తి పట్టుకొచ్చాడు. ఉప్పుకాగితంతో రుద్ది, గుంటల్లో లప్పం పెట్టి, ముదురాకుపచ్చ రంగు రెండు పూతలు వేశాడు. అది చాలక, అంచుల వెంట సన్నగా బంగారు రంగు గీత కూడా లాగాడు.

"మన పిల్ల పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు చెయ్యలేదు మీరు," అని భార్య జయలక్ష్మి దెప్పింది.

"దీని వెనక ఓ మనిషి ప్రాణం ఉందే," అన్నాడాయన.

చెమ్మకు ఉబ్బి బిగుసుకుపోయిన సొరుగును చివరికి ఉలితో ఊడదీశాడు. లోపల మైనపు గుడ్డలో చుట్టి జానెడు తోలు ముక్క ఉంది. మంచి పనివాళ్ళు మిషను సొరుగులో మచ్చుకని ఒక ముక్క ఉంచుతారు. బాగుచేసినవాడు దాని మీదే తన పనితనం చూపించాలి. ముక్క లోపలి వైపు, అంచుల దగ్గరగా పెన్సిలు గీత కూడా కనపడింది. ఎంతమేర చెక్కాలో తెలిసేందుకు గీసుకునే గుర్తు. సీమోను శ్రద్ధ గలవాడేనని మెచ్చుకున్నాడు.

కత్తి సానబట్టి, ముక్క పెట్టి మిషను తొక్కాడు. ఉల్లిపొర లేచినట్టు లేచింది తోలు. గీత వెంటే తిప్పుతూ, గీతతో సహా చుట్టూ చెక్కేశాడు. రాలిన పొట్టు ఊడ్చి కాలవలో పోశాడు.

ఇరవయ్యో రోజున అన్నమ్మ ఒక్కతే రాలేదు. వెనకాల మాసిన గడ్డంతో, వదులైపోయిన చొక్కాతో సీమోను ఉన్నాడు.

"మిషను కనపడకపోయేసరికి ఇన్నాళ్ళూ గోడకేసి తిరిగి పడుకున్నాడండి. తెనాల్లో ఉందని ఇవాళ చెప్పానో లేదో, నాకంటే ముందు టేసనుకొచ్చాడు!" అంది అన్నమ్మ. ఆమె మొహంలో వెలుగు చూసి దశరథరామయ్యకు పడ్డ కష్టమంతా తీరిపోయింది.

గోనెపట్టా లాగాడు. ఆకుపచ్చ మిషను మిలమిలా మెరిసింది. సీమోను దానివంక చూడనైనా చూడలేదు. నేరుగా వెళ్ళి సొరుగు లాగాడు. ఖాళీ.

"ముక్కేదండీ?" అన్నాడు.

ఆర్నెల్ల తర్వాత వచ్చిన మాట. అన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేస్త్రీ మురిసిపోయాడు. పనివాడన్నాక ముందు పనితనమే కదా అడుగుతాడు! బల్ల మీదున్న ముక్క తెచ్చి సీమోను చేతిలో పెట్టాడు.

"చూడవయ్యా! నువ్వు గీసిన గీత వెంట్రుకవాసి కూడా మిగలకుండా చెక్కాను. అంచు చూడు, కాయితం."

సీమోను ముక్కను తిరగేశాడు. బొటనవేలితో అంచు చుట్టూ తడిమాడు. మళ్ళీ తడిమాడు. మెల్లగా చతికిలబడి, ఆ ముక్కను నేల మీద పరిచి, దాని మీద చెయ్యి ఆనించి ఉండిపోయాడు.

"ఏమైందయ్యా? గుర్తు తప్పానా?" దశరథరామయ్య కంగారుగా వంగాడు.

"గుర్తు కాదండి," అన్నాడు సీమోను తలెత్తకుండానే. "గాలివానకు ముందురోజు, క్రిస్మసు బూట్లకని మా చంటిదాన్ని దీని మీద నిలబెట్టి పాదం చుట్టూ గీశాను. నీళ్ళు తీశాక మాకు దొరికింది ఆ గీతొక్కటేనండి."