గేటుకి అడ్డం

"దేశాన్ని కాపాడారమ్మా!" ఇన్‌స్పెక్టర్ మా పిన్ని చేతిలో పతకం పెట్టి సెల్యూట్ కొట్టాడు. "నిన్న పట్టుబడ్డ తీవ్రవాదులు ఈ గురువారం పొద్దున్నే ఇదే వ్యాన్‌లో ప్రభుత్వాన్ని కూలదోయడానికి బయల్దేరేవాళ్ళు. మీ ఫిర్యాదు మీద తెరిచి చూస్తే, లోపలంతా తుపాకులే!"

వీధంతా చప్పట్లు. ఆ వ్యాన్ తీయించమని పిన్ని మూడు నెలలు స్టేషన్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగితే, "ఈవిడకి పనీపాటా లేదు" అని నవ్వినవాళ్ళే ఇప్పుడు టీవీ కెమెరాల ముందు "మాకు మొదట్నుంచీ అనుమానమేనండీ" అంటూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు.

నిజానికి పిన్నికి దేశం సంగతేమీ పట్టలేదు. గేటుకి అడ్డంగా ఆ వ్యాన్ పెట్టినప్పట్నుంచీ బాబాయి చక్రాల కుర్చీ వీధి మొహం చూడలేదు. ఆవిడ గొడవల్లా అదే.

"అది సరే నాయనా, దీన్ని ఇప్పుడు తీసేస్తారుగా?"

"భలేవారే! ఇది సాక్ష్యం కదమ్మా. కేసు తేలేదాకా ఎక్కడున్నది అక్కడే ఉండాలి. ఎంత, ఓ పదేళ్ళు!" అంటూ ఇన్‌స్పెక్టర్ వ్యాన్ చక్రాలకి గొలుసు వేయించాడు.

పిన్ని లోపలికొచ్చి, పతకం బాబాయి ఒళ్ళో పడేసి నెత్తి కొట్టుకుంది.

"గురువారం దాకా నోరు మూసుకుని ఉంటే, వాళ్ళే తీసుకుపోయేవాళ్ళు కదండీ!"