దగ్గుమందు మూత

"కొంచెం తాగితే గుండెకి మంచిదని ఇప్పుడెవరూ అనట్లేదమ్మా. లివర్ పాడైంది, ఆ కొంచెం కూడా మాన్పించండి" అన్నాడు డాక్టరు.

గుండెకు మంచిదని ఎక్కడో చదివి, ఏళ్ల తరబడి రోజూ భోజనానికి ముందు భర్తకు దగ్గుమందు మూతతో కొలిచి బ్రాందీ పోసింది ఆమే. ఆయన ముఖం చిట్లించుకుని మింగేవాడు.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి, సీసా తీసి సింకులో వంపేసింది. వాసన రాలేదు. వేలికి అద్దుకుని నాలికకు రాసుకుంది. చల్లారిన టీ డికాక్షను.

గుమ్మంలో నిలబడ్డ భర్త తల దించుకున్నాడు.

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇష్టం లేదని చెప్తే నేనేమన్నా కొరుక్కు తింటానా? పోనీలెండి, నా చేత్తో నేను మీకు విషం పొయ్యలేదు."

సీసా కడుగుతూ ఆగిపోయింది. సీసా కొని తెచ్చేది తనే. అందులో ఉన్న బ్రాందీ ఏమైనట్టు?

"మరి లివరెందుకు పాడైందండీ?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"మూతెడు నాకు ఏ మూలకి సరిపోతుందే" అన్నాడు నీరసంగా.