పొడుగు చేతుల చొక్కా

పాస్టరమ్మ తలుపు వేసి గడియ పెట్టింది. కింద పడి పిడి విరిగిన ఇస్త్రీపెట్టెను కాలితో పక్కకు జరిపి, స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.

"భయపడకు తల్లీ. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది."

ఎదురుగా కుట్టుమిషను దగ్గర కూర్చున్న ఆవిడ తల ఊపింది. భయం మాత్రం పోలేదు.

ఆ సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరినైనా సంఘ పెద్దగా నిలబెట్టాలంటే ముందు ఆ మనిషి ఇంటికి ఇద్దరు వెళ్తారు. ఒకరు అతనితో ముందుగదిలో కూర్చుంటారు. ఇంకొకరు భార్యను లోపల విడిగా అడుగుతారు. చర్చిలో అందరూ భక్తిపరులే, ఇంట్లో ఏమిటన్నది ఇంట్లోవాళ్ళకే కదా తెలిసేది! పద్ధతి మంచిదే. లోపల కూర్చుని జవాబు చెప్పుకోవాల్సిన మనిషి అవస్థ గురించి మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఈసారి వంతు తాళాలు బాగుచేసే ఆయనది. ఎవరి తలుపు తాళం పడిపోయినా, ఎవరి బీరువా మొరాయించినా ఆయనే దిక్కు. ఏ వేళప్పుడు పిలిచినా విసుక్కోడు. చర్చిలో అందరికన్నా వెనక కూర్చుంటాడు. మాడు పగిలే ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. భక్తి అంటే అలా ఉండాలిరా అని కుర్రాళ్ళకు ఆయన్ని చూపించి మరీ చెబుతారు. పెద్దరికానికి ఆయన పేరు ఎత్తగానే సంఘమంతా సరేనంది.

ఒక్క పక్కింటావిడ తప్ప. ఆ ఇంట్లో గిన్నెలు ఎగురుతాయని, అరుపులు, ఏడుపులు వినిపిస్తాయని పాస్టరమ్మ చెవిన వేసింది. వినిపించేది ఆడగొంతేనట. మగగొంతు ఎప్పుడూ వినలేదట. నోటితో కాక చేత్తో మాట్లాడే రకం అయ్యుంటాడని ఆవిడే తేల్చేసింది కూడా.

"మీ ఆయన ఎలాంటివాడమ్మా?"

"మంచివారండీ," అంది భార్య. చేతులకు ఏం చెయ్యాలో తోచక మిషను మీది గుడ్డముక్కను మడుస్తోంది, విప్పుతోంది.

తాగుడు లేదు. తిట్టు లేదు. తను తినకుండా ఆయన తినడు. పాస్టరమ్మ అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది. అందులో ఒక్క అబద్ధం లేదు. అయినా ఒళ్ళంతా చెమటలు. గదికి కిటికీ ఉంది గానీ, మిషను అడ్డంగా ఉండి రెక్క తెరుచుకోదు.

"ఆ వేలికి కట్టేమిటి?"

"ప్లేటు ముక్క గీసుకుందండీ. ఏరుతుంటే."

"ప్లేటు ఎలా పగిలింది?"

ఆమె గుడ్డముక్కను ఇంకోసారి మడిచింది. తలుపు అవతల ఆయన చిన్నగా దగ్గాడు. ఆమె ఉలిక్కిపడింది. పాస్టరమ్మ అది చూసింది.

"నీ మీద చెయ్యెత్తుతాడా?"

"లేదండీ. దేవుడి సాక్షిగా, ఎప్పుడూ లేదు."

పాస్టరమ్మ నమ్మలేదు. ఇలా వణుకుతూ మొగుళ్ళను మెచ్చుకునే ఆడవాళ్ళను ఆవిడ చాలామందినే చూసింది. నిజం చెప్పకపోతే నేనేం సాయం చెయ్యగలను తల్లీ అని బతిమాలింది. తల నిమిరింది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. బయటపడితే? రేపటి నుంచి వీధిలో తలెత్తుకోగలదా? ఈ ఇంట్లో బతకగలదా? వచ్చిన మాటను గుటక వేసి మింగేసింది. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు.

ఆ కన్నీళ్ళు చాలు పాస్టరమ్మకు. తలుపు తీసి, ముందుగదిలో సంఘ పెద్దాయన పక్కన కూర్చున్న తాళాలాయన్ని లోపలికి పిలిచింది. పెద్దాయన కూడా వెంటే వచ్చాడు. ఈ ఇంట్లో గొడవలు నిజమా కాదా అని మొహం మీదే అడిగేసింది.

ఆయన భార్య వంక చూశాడు. ఇప్పుడైనా నోరు విప్పాలనుకుందామె. అయినా తల దించుకుంది.

"నిజమే అమ్మగారూ," అన్నాడు ఆయన. "నా పేరు తీసేయండి. ఇల్లు చక్కబెట్టుకోలేనివాణ్ణి, సంఘాన్ని ఏం చూసుకుంటాను?"

పెద్దాయన మొహం నల్లబడింది. పెద్దరికం మాట దేవుడెరుగు, ఇక మీదట రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి కూడా రావద్దని చెప్పేశాడు. మేకవన్నె పులి అని పాస్టరమ్మ పైకే గొణిగింది. ఏ అవసరం వచ్చినా మా ఇంటికి వచ్చెయ్యమని ఆమె చెయ్యి నొక్కి మరీ చెప్పింది.

తాళాలాయన వాళ్ళిద్దరినీ మెట్ల దాకా సాగనంపి వచ్చాడు. వీధి తలుపు మూసి గడియ పెట్టాడు.

ఆ చప్పుడుకు ఆమె ఒళ్ళు జలదరించింది. ఆయన దగ్గరికి వస్తున్నకొద్దీ వెనక్కి జరిగింది. వీపుకు గోడ తగిలింది.

"ఇంక ఇలా సాగదు," అన్నాడు నెమ్మదిగా. "ఇవాళ్టితో ఆఖరు కావాలి."

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఆయన మణికట్టు దగ్గర గుండీలు విప్పి, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, పొద్దున ఆమె విసిరిన ఇస్త్రీపెట్టె కాల్చిన చోట రాయమని ఆయింట్‌మెంటు ఆమె చేతిలో పెట్టాడు.