నీలం రాని తెర

మానిటర్ మళ్లీ పచ్చబడింది. తెరమీద పెళ్లికార్డులోని నెమలికి ఎవరో పసుపు పూసినట్టుంది.

"నీలం పోయినాదండి," అంది పద్మకుమారి. "పొద్దున్నించి ఇలాగే ఉన్నాది."

చంద్రమౌళి సంచి కిందపెట్టి బల్ల వెనక్కి వంగాడు. నెల్లిమర్లలో జూట్ మిల్లుకెళ్లే రోడ్డుమీద ఆమెది ఒంటిగది డీటీపీ షాపు. వెనక వంటగది, ఓ మంచం. మనిషి ఒక్కతే. అతనిది విజయనగరంలో కంప్యూటర్ రిపేరు కొట్టు. నెలకోసారి ఈ నీలం పోతుంది, ఆమె ఫోన్ చేస్తుంది, అతను బస్సెక్కుతాడు. ఏడాదిగా ఇదే వరస.

పాత కేబుల్ ఊడదీసి, దులిపి, మళ్లీ గుచ్చి, అటూ ఇటూ స్క్రూలు బిగిస్తే రంగు తిరిగొస్తుంది. రెండు నిమిషాల పని. ఆ తరవాత తాగే టీకి మాత్రం గంట పట్టేది. మిల్లు సైరన్ ఎందుకు మోగలేదు, రామతీర్థం మెట్లెక్కాక మోకాళ్లెలా ఉన్నాయి, ఇలాంటి కబుర్లే. భార్య పోయిన ఆరేళ్లుగా అతనితో జనం మాట్లాడేదంతా మిషన్ల గురించే. భోంచేశారా అని అడిగేది ఈ ఒక్క గదిలోనే.

అతని సంచి అడుగున ఓ డిజిటల్ కేబుల్ ఉంది. ఆర్నెల్లుగా ఉంది. పాతరకం కేబుల్ కాస్త కదిలితే చాలు, ఓ రంగు పోతుంది, బొమ్మ మసకేస్తుంది, అయినా ఏదోలా నడుస్తుంది. డిజిటల్‌ది అలా కాదు. వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే లేదు. అది తగిలిస్తే నీలం పోదు. ఫోనూ రాదు. అందుకే సంచి తెరిచినప్పుడల్లా దాన్ని పక్కకి నెట్టి స్క్రూడ్రైవర్ తీసుకునేవాడు. చేస్తున్నది మోసమేనని అతనికి తెలుసు.

బల్లమీద ఇంకా తడారని కార్డులున్నాయి. నెమలి మెడ అచ్చంగా నెమలి నీలమే. నీలమే కనబడని తెర ముందు కూర్చుని ఈవిడ రంగు ఇంత బాగా ఎలా పట్టుకుంటుందో అని ఎప్పట్లాగే ఆశ్చర్యపోయాడు. మెచ్చుకుందామని తలెత్తితే ఆమె కళ్లకి కొత్త అద్దాలు.

"ఎప్పట్నించండి ఇవి?"

"పది రోజులైనాది. కళ్లు లాగేస్తన్నాయి."

ఇదంతా తన వల్లేననిపించింది చంద్రమౌళికి. తన గంట కబుర్ల కోసం ఒక మనిషి కళ్లు పాడుచేశాడు. స్క్రూడ్రైవర్ కింద పెట్టేసి, సంచి అడుగునుంచి కొత్త కేబుల్ తీసి బల్లమీద పెట్టాడు. ఇది పెట్టేస్తే రంగు పోవడమంటూ ఉండదని, ఇక తనని పిలవక్కర్లేదని చెప్పాడు.

ఆమె కేబుల్ వైపు చూసి, ఇప్పుడెందుకు, పాతదే బిగించెయ్యండి అంది.

"ఆర్నెల్లుగా నా సంచిలోనే ఉన్నాదండి," అన్నాడతను. "ఇది పెట్టేస్తే మరింక ఇక్కడికి రావడానికి నాకు పనేటుంటాదని పెట్టలేదు. తప్పు నాదే."

లోపల స్టవ్ మీద టీ పొంగిన వాసన వచ్చింది, పద్మకుమారి కదల్లేదు. ఇక ఈ గడప తొక్కే మొహం తనకి లేదనుకున్నాడు చంద్రమౌళి. సంచి భుజాన వేసుకున్నాడు.

"కూకోండి," అంది ఆమె.

అద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "ఇవి సత్వారానికండి. నలబై దాటితే అందరికీ వస్తాది."

తరవాత సొరుగు లాగింది. అతని కేబుల్ పక్కన అలాంటిదే ఇంకో డిజిటల్ కేబుల్ పెట్టింది. వాడి వాడి దాని కొస అరిగిపోయి ఉంది.

"రోజూ దీంతోనే పని సేస్తాను," అంది తలొంచుకుని. "మీకు ఫోన్ సేసే రోజే పాతది వదులుగా తగిలిస్తాను."